చార్టు వెనుక చిట్టా
కృత్రిమ మేధకు లెక్కల దారి చూపడం ఎలా?

ఒమాన్ దేశపు జనాభా ఎంత అని అడిగితే మూడు సమాధానాలు చెప్పవచ్చును. 44,71,148 అన్నది మొదటిది. 27,31,456 అన్నది రెండవది. 17,39,692 అన్నది మూడవది. ఈ మూడూ 2020 డిసెంబరు 12వ తేదీని ప్రమాణంగా తీసుకొని జరిపిన జనగణనలోని అంకెలే. మూడింటిలో దేనికీ వంక పెట్టనవసరం లేదు. మొదటిది దేశంలో నివసించే అందరి లెక్క. రెండవది ఒమానీ పౌరుల లెక్క. మూడవది బతుకుతెరువు వెతుక్కుంటూ వచ్చిన మన తెలుగువారితో సహా ప్రవాసులందరి లెక్క. ఇంత అంతరం ఉన్న మూడు అంకెలలో ఏది సరైనదో తేల్చవలసింది అడిగిన ప్రశ్నే. ఆ ప్రశ్నలో నుండి "ప్రవాసులు మాత్రమే" అన్న రెండు మాటలు జారిపోతే, కూడికలో ఏ పొరపాటూ లేకుండానే జవాబు తప్పిపోతుంది.

ఇటీవలి కాలంలో ఇటువంటి ప్రశ్నలను కృత్రిమ మేధతో పనిచేసే ఏజెంట్లకు అప్పగించడం మొదలైనది. ఏజెంటు అంటే అడిగిన ప్రశ్నకు మాటలతో బదులు చెప్పి ఊరుకొనే యంత్రం కాదు. యజమాని తరఫున ఇతర సాఫ్ట్‌వేర్లను తెరిచి, వెతికి, లెక్క తీసి, ఫలితం తెచ్చి ఇచ్చే గుమాస్తా వంటిది. గుమాస్తా ఎంత చురుకైనవాడైనా చిట్టా ఎక్కడున్నదో, అందులో ఏ పుట చూడవలెనో చెప్పనిదే సరైన పద్దు తేలేడు. గణాంక విశ్లేషణ సాఫ్ట్‌వేరులో దాచి ఉంచిన చార్టుల అమరికలను ఏజెంటు కనుగొనేటట్లు చేయడం ఎలా అన్నది ఈనాడు సాఫ్ట్‌వేర్ నిపుణులను ఆలోచింపజేస్తున్న ప్రశ్న. చూడడానికి చిన్నదే, దాని మీద ఆధారపడే నిర్ణయాలు మాత్రం చిన్నవి కావు.

ఒమాన్ లెక్కల కథ

ఒమాన్‌లో తొలి సమగ్ర జనగణన 1993లో జరిగింది. అప్పటి జనాభా దాదాపు 20 లక్షలు. ఆ తరువాత 2003లోను, 2010లోను గణనలు జరిగాయి. 2010 నాటికి సంఖ్య సుమారు 27.7 లక్షలకు చేరింది. ఈ మూడింటికీ గణకులు ఇంటింటికీ వెళ్లి వివరాలు సేకరించారు. 2020 గణన మాత్రం వేరు దారి పట్టింది. ప్రభుత్వ శాఖల వద్ద అప్పటికే ఉన్న రికార్డులను ఒకదానితో ఒకటి అనుసంధానించి, గుమ్మం తొక్కకుండానే జనాన్ని లెక్కించారు. 2012లో రాజశాసనం ద్వారా ఏర్పడిన జాతీయ గణాంక సమాచార కేంద్రం ఈ ఎలక్ట్రానిక్ గణనను నిర్వహించింది.

కాగితం మీది పట్టిక ఒకసారి అచ్చయితే అంతటితో స్థిరపడుతుంది. రికార్డుల నుండి పుట్టే పట్టిక అట్లా కాదు. గవర్నరేటు వారీగా, వయస్సు వారీగా, పౌరసత్వం వారీగా, వృత్తి వారీగా ఎన్ని విధాలుగానైనా తిప్పి చూడవచ్చును. ఎన్ని విధాలుగా చూడగలిగితే అన్ని చార్టులు పుడతాయి. ఒక పెద్ద కార్యాలయంలో ఇటువంటి చార్టులు వందలలో, ఒక్కొక్కచోట వేలలో పోగవుతాయి. వాటిలో ఏది ఏ ప్రశ్నకు జవాబో చెప్పగల మనిషి బదిలీ మీద వెళ్లినా, స్వదేశానికి తిరిగి వెళ్లినా, మిగిలేది సాఫ్ట్‌వేరులో దాగిన అమరికలే. ఉద్యోగులు ఒప్పందం మీద వచ్చి ఒప్పందం ముగియగానే వెళ్లిపోయే గల్ఫ్ దేశాలలో ఈ బాధ తరచుగా ఎదురయ్యేదే.

చార్టు అంటే బొమ్మ కాదు

తెర మీద కనిపించే స్తంభాలు, గీతలు, రంగుల ముక్కలు చూసి చార్టు అంటే ఒక బొమ్మ అని చాలామంది భావిస్తారు. కంప్యూటరు దృష్టిలో చార్టు ఒక వంటవిధానం. ఏ పట్టిక నుండి సరుకు తీసుకోవలెను, ఏ అంకెను కూడవలెను లేదా సగటు తీయవలెను, ఏ వర్గం వారీగా విడదీయవలెను, ఏయే వరుసలను వడపోసి తీసివేయవలెను, ఏ తేదీ నుండి ఏ తేదీ వరకు చూడవలెను, చివరకు స్తంభాలుగా వడ్డించవలెనా, గీతగా వడ్డించవలెనా అన్న ఆదేశాల జాబితా అది. ఆ జాబితాను అమరిక అనవచ్చును. బొమ్మను ఎన్నిసార్లు చెరిపివేసినా, అమరిక ఉంటే తిరిగి గీయవచ్చును. అమరిక పోయినప్పుడు మిగిలిన బొమ్మ ఎందుకు అట్లా ఉన్నదో చెప్పగలవారు ఉండరు.

ఈ పద్ధతిని స్పష్టంగా చూడదగిన సాఫ్ట్‌వేరు అపాచీ సూపర్‌సెట్. 2015లో అమెరికాలోని ఎయిర్‌బీఎన్‌బీ సంస్థలో మాక్సిమ్ బోషెమిన్ అనే ఇంజనీరు దీనికి శ్రీకారం చుట్టాడు. 2017లో అపాచీ సంస్థ ఆదరణలోకి వచ్చి, 2021లో ఆ సంస్థ యొక్క అగ్రశ్రేణి ప్రాజెక్టులలో ఒకటిగా ప్రకటింపబడినది. దీని మూలసంకేతం అందరికీ అందుబాటులో ఉన్నందున, లోపలి పనితీరును ఎవరైనా పరిశీలించవచ్చును. ఇందులో ఒక చార్టును భద్రపరచగానే దానికి ఒక సంఖ్య ఏర్పడుతుంది. అమరికల జాబితా యావత్తూ ఆ సంఖ్య కింద ఒక పట్టికలో నమోదవుతుంది. ఆ సంఖ్య తెలిసినవారు, చూసే అధికారం ఉన్నవారు ఎప్పుడైనా ఆ చార్టును మళ్లీ తెరవవచ్చును.

అయితే మనుషులు చార్టును ఉన్నదున్నట్లు చూసి ఊరుకోరు. తెరుస్తారు; ఒక వడపోత చేరుస్తారు; తేదీ మారుస్తారు; స్తంభాల స్థానంలో గీత పెట్టి చూస్తారు. నచ్చితే భద్రపరుస్తారు, లేకుంటే వదిలివేస్తారు. ఈ మధ్యలో ఉన్న, ఇంకా భద్రపరచని అమరిక ఎక్కడ ఉంటుంది? పూర్వం ఆ అమరిక యావత్తూ తెర పైభాగాన కనిపించే చిరునామాలోనే ఇమిడి ఉండేది. వడపోతలు పెరిగిన కొద్దీ చిరునామా చాంతాడంత పొడవై, పంపబోతే తెగిపోయేది. అందువల్ల తరువాతి కూర్పులలో ఆ అమరికను ఒక తాత్కాలిక నిల్వలో ఉంచి, చిరునామాలో దాని తాళంచెవి వంటి చిన్న అక్షరమాలను మాత్రమే చూపసాగారు. సాధారణ ఏర్పాటులో ఈ తాత్కాలిక నిల్వకు గడువు ఏడు రోజులు. గడువు దాటితే తాళంచెవి చేతిలోనే ఉంటుంది గాని, అది తెరిచే పెట్టె ఉండదు.

ఫలజ్ నేర్పే పాఠం

శాశ్వతమైన పద్దు, తాత్కాలికమైన పద్దు అనే ఈ భేదం ఒమాన్‌కు కొత్త కాదు. కొండల అడుగున ఊరే నీటిని సొరంగాల ద్వారాను, కాలువల ద్వారాను పల్లెలకు, ఖర్జూరపు తోటలకు చేర్చే ప్రాచీన నీటిపారుదల ఏర్పాటును ఇక్కడ ఫలజ్ అంటారు, బహువచనంలో అఫ్లాజ్. దేశంలో సుమారు 3,000 అఫ్లాజ్ ఈనాటికీ పనిచేస్తున్నాయి. నిజ్వాలోని ఫలజ్ దారిస్‌తో సహా ఐదింటిని 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది.

ఫలజ్ నీటిని పంచుకొనేది కాలాన్ని బట్టి. దాదాపు అరగంట నిడివి గల వంతును అథర్ అంటారు. పగటిపూట నీడగడియారాన్ని చూసి, రాత్రిపూట నక్షత్రాల గమనాన్ని చూసి వంతులు మార్చేవారు. ఎవరి వంతు ఎంత అన్నది ఫలజ్ దస్త్రంలో వ్రాసి ఉంటుంది. అది తరతరాల హక్కు. దానికి తోడు ఫలజ్ మరమ్మతుల ఖర్చు కోసం కొన్ని వంతులను వేలం వేస్తారు. పాడుకున్నవారికి ఆ గడువు వరకే ఆ నీరు. నిర్వహణ బాధ్యత వహించే వకీల్ ఈ రెండు లెక్కలనూ గుర్తుంచుకొని నీరు మళ్లించవలసి ఉంటుంది. మన చెరువుల కింద నీరుగంటి చేసిన పని కూడా ఇటువంటిదే. ఏ మడికి ఎంత నీరు అన్న స్థిరమైన ఏర్పాటుతో పాటు, ఈ పూటకు ఎవరు ఎవరికి వంతు బదులిచ్చారో అతనికి తెలిసి ఉండవలెను.

కొత్తగా వచ్చిన వకీల్ ఒకడు దస్త్రం మాత్రమే చదివి, నిన్నటి వేలం సంగతి తెలియక, పాత హక్కుదారు తోటకే నీరు వదిలాడనుకుందాం. అతడు దస్త్రాన్ని తప్పుగా చదవలేదు. దస్త్రంలో తప్పు లేదు. అయినా ఒక తోట ఎండుతుంది. భద్రపరచిన చార్టును మాత్రమే చూడగలిగే ఏజెంటు చేసే పొరపాటు సరిగ్గా ఇదే.

ఏజెంటుకు తెర కనిపించదు

ఏజెంట్లు ఇతర సాఫ్ట్‌వేర్లతో మాట్లాడేందుకు ఆంత్రోపిక్ అనే సంస్థ 2024 నవంబరులో ఒక నియమావళిని ప్రకటించింది. దానిని మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్, క్లుప్తంగా ఎమ్‌సీపీ, అంటారు. ఈ నియమావళి ప్రకారం ప్రతి సాఫ్ట్‌వేరూ తాను చేయగల పనులను "సాధనాలు"గా ప్రకటిస్తుంది. ప్రతి సాధనానికి ఒక పేరు, అది ఏమి చేస్తుందో చెప్పే వివరణ, ఏయే వివరాలు ఇవ్వవలెనో తెలిపే పట్టిక ఉంటాయి. ఏజెంటు ఆ వివరణ చదివి, తగిన సాధనాన్ని పిలిచి, ఫలితం తీసుకుంటుంది. చార్టుల జాబితా ఇచ్చే సాధనం, ఒక చార్టు వివరం చెప్పే సాధనం, దాని అంకెలు తెచ్చే సాధనం – ఈ కోవకు చెందినవి. సూపర్‌సెట్‌కు ఇటువంటి సేవను సమకూర్చే పని 2025లో సాగింది.

ఇక్కడే చిక్కు వస్తుంది. మస్కట్‌లోని ఒక కార్యాలయంలో ఒక విశ్లేషకురాలు 2020 జనాభా చార్టును తెరిచి, "ప్రవాసులు" అనే వడపోత చేర్చి, ఇంకా భద్రపరచకుండానే పక్కనున్న ఏజెంటును "ఈ చార్టులోని మొత్తం ఎంత?" అని అడిగిందని ఊహిద్దాం. ఆమె తెర మీద ఉన్నది 17,39,692. "ఈ చార్టు" అన్న మాటకు ఆమె మనస్సులో ఉన్న అర్థం అదే. ఏజెంటుకు తెర కనిపించదు. దానికి చేరినది చార్టు సంఖ్య మాత్రమే. ఆ సంఖ్యతో అది భద్రపరచిన అమరికను తెచ్చుకొంటుంది. అందులో వడపోత లేదు. కనుక 44,71,148 అని చెబుతుంది; అదీ ఎట్టి సంకోచమూ లేకుండా, చక్కని వాక్యంలో.

ఆ అంకె ఆధారంగా ప్రవాస కార్మికులకు ఎన్ని ఆరోగ్య కేంద్రాలు కావలెనో, ఎన్ని బడి సీట్లు కావలెనో అంచనా కడితే, రెండున్నర రెట్లకు పైగా తేడా వస్తుంది. ఈ ఉదాహరణలో అంతరం పెద్దది గనుక ఎవరో ఒకరు కనిపెట్టవచ్చును. పది శాతం తేడా అయితే కనిపెట్టేవారు ఉండరు. అది నివేదికలోకి, నివేదిక నుండి బడ్జెట్‌లోకి మెల్లగా ప్రవహిస్తుంది.

పరిష్కారంలోని మెలకువలు

దీనికి మందు ఆ తాత్కాలిక తాళంచెవిని కూడా ఏజెంటు వాడుకొనగలిగేటట్లు చేయడం. చార్టు వివరం చెప్పే సాధనం చార్టు సంఖ్యతో పాటు, అవసరమైతే సంఖ్య లేకుండానే, ఆ తాళంచెవిని స్వీకరించవలెను. రెండూ ఇచ్చినప్పుడు తాత్కాలిక అమరికకే ప్రాధాన్యం ఇవ్వవలెను. ఎందుకంటే అడిగిన మనిషి చూస్తున్నది దానినే. అసలు భద్రపరచనే లేని కొత్త చార్టు అయితే దానికి సంఖ్యే ఉండదు గనుక తాళంచెవి ఒక్కటే ఆధారం.

ఇంతటితో పని పూర్తి కాదు. మొదటిది, సాధనం తెచ్చి ఇచ్చిన అమరిక భద్రపరచినదా, తాత్కాలికమైనదా అన్నది జవాబులోనే స్పష్టంగా తెలియజేయవలెను. అప్పుడు ఏజెంటు "మీ తెర మీది, ఇంకా భద్రపరచని రూపం ప్రకారం" అని చెప్పగలదు. రెండవది, గడువు తీరిన తాళంచెవి వచ్చినప్పుడు మౌనంగా పాత అమరికను అందించకూడదు. "ఆ రూపం ఇప్పుడు లేదు, భద్రపరచిన రూపం మాత్రమే ఉన్నది" అని విప్పి చెప్పవలెను. యంత్రం తెలియదని చెప్పడం కన్నా, తెలియనిదాన్ని తెలిసినట్లు చెప్పడం ప్రమాదకరం.

మూడవది, అమరికలోని పేర్లకు సంబంధించినది. మనుషులు చార్టుకు పెట్టే పేర్లు "కొత్తది", "కొత్తది 2", "చివరిది" అన్న తీరున ఉంటాయి. పేరును మాత్రమే చూసి వెతికే ఏజెంటు ఇటువంటి అడవిలో దారి తప్పుతుంది. అందుచేత ఏ పట్టిక, ఏ కొలత, ఏ వడపోత అన్న అంశాలను బట్టి కూడా వెతికే వీలు కల్పించవలెను. ప్రతి చార్టుకూ రెండు వాక్యాల వివరణ వ్రాసే అలవాటు కార్యాలయంలో ఉంటే యంత్రానికీ మేలు, తరువాత వచ్చే ఉద్యోగికీ మేలు.

నాలుగవది మితం. ఏజెంటు ఒకసారి చదివి గుర్తుంచుకొనగల పాఠానికి హద్దు ఉన్నది. వెయ్యి చార్టుల పూర్తి అమరికలను ఒక్కసారిగా దాని ముందు కుమ్మరిస్తే అసలు విషయం మరుగున పడుతుంది. ముందు క్లుప్తమైన జాబితా, తరువాత ఎంచుకున్న ఒకదాని పూర్తి వివరం అన్న క్రమం ఉత్తమం. గ్రంథాలయంలో మొదట కార్డు చూసి, ఆ తరువాత పుస్తకం తెప్పించుకొన్నట్లు.

ఐదవది అధికారం. తాళంచెవి దొరికినంత మాత్రాన పెట్టె తెరవనివ్వకూడదు. ఏజెంటు ఎవరి తరఫున వచ్చిందో ఆ మనిషికి ఏ పట్టికలను, అందులో ఏ వరుసలను చూసే హక్కు ఉన్నదో, ఏజెంటుకూ అంతవరకే ఉండవలెను. వడపోతలో వ్రాసిన మాటలే ఒక్కొక్కప్పుడు రహస్యాన్ని బయటపెడతాయి. ఒక రోగి పేరుతోనో, ఒక ఉద్యోగి సంఖ్యతోనో వడపోసిన అమరిక, అంకె చూపకుండానే సంగతి చెప్పివేస్తుంది. ఒమాన్‌లో 6/2022 సంఖ్య గల రాజశాసనం ద్వారా వెలువడిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023 ఫిబ్రవరి నుండి అమలులోకి వచ్చింది. వ్యక్తుల వివరాలతో వ్యవహరించే సంస్థలు తమ ఏజెంట్లకు అప్పగించే సాధనాలను కూడా ఈ దృష్టితో చూడక తప్పదు.

చదివే పనికి ఇచ్చిన సాధనం వ్రాసే పని చేయకూడదన్నది చివరి జాగ్రత్త. తాత్కాలిక అమరికను చూడబోయి దానినే శాశ్వతంగా భద్రపరచితే, అదే చార్టు మీద ఆధారపడిన మరో పదిమంది తెరల మీద అంకెలు మారిపోతాయి.

వాన కురిసిన ఆ ఒక్క రోజు

అమరికలోని ఒక చిన్న మాట ఎంత పెద్ద విషయాన్ని దాచగలదో చెప్పడానికి ఒమాన్ అనుభవం నుండే మరొక ఉదాహరణ చాలును. 2021 అక్టోబరు 3న షాహీన్ తుపాను ఉత్తర బాతినా తీరాన్ని తాకింది. ఖాబూరాలో 24 గంటలలో 369 మిల్లీమీటర్ల వాన కురిసింది. వాదీలు పొంగి, ఇళ్లు, రహదారులు నీట మునిగాయి, ప్రాణాలు పోయాయి. ఏడాది పొడవునా కురిసినా వంద మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉండే ప్రాంతంలో ఇది ఎంతటి ఉపద్రవమో ఊహించవచ్చును.

ఇప్పుడు వర్షపాతపు చార్టు ఒకటి ఉన్నదనుకుందాం. దాని అమరికలో కాలపు కొలత "రోజు" అని ఉంటే 369 అన్న శిఖరం కొండలా లేచి కనిపిస్తుంది. అదే కొలతను "నెల" అని మార్చి, రోజువారీ సగటు చూపమని చెబితే, ఆ ఒక్క రోజు వాన 31 రోజుల మీద పరచుకొని, రోజుకు సుమారు 12 మిల్లీమీటర్లుగా మారిపోతుంది. అంకె అబద్ధం కాదు. కాని వాదీకి అడ్డంగా కట్టబోయే వంతెన ఎత్తును నిర్ణయించే ఇంజనీరుకు అది ప్రాణాంతకమైన నిజం. ఏజెంటు తెచ్చిన అంకెతో పాటు "ఇది నెలవారీ సగటు" అన్న అమరికను కూడా తెచ్చి ఇంజనీరు ముందు ఉంచినప్పుడే ఆ అంకెకు విలువ.

వాడేవారు చేయదగినది

సాఫ్ట్‌వేరు నిర్మాతలు తమ పని తాము చేస్తారు. మస్కట్, సోహార్, సలాలా నగరాలలోని కార్యాలయాలలో లెక్కలు, నిల్వలు, రవాణా, ఆసుపత్రి రికార్డులు చూసే ఉద్యోగులలో మన తెలుగువారూ ఉన్నారు. ఏజెంటుతో పని చేయించుకొనే రోజు వారికి వచ్చినప్పుడు మూడు అలవాట్లు ఉపకరిస్తాయి. ముఖ్యమైన చార్టును భద్రపరచిన తరువాతనే దాని గురించి అడగడం, "ఈ చార్టు" అనక, ఏ కాలానికి, ఏ వర్గానికి సంబంధించినదో ప్రశ్నలోనే చెప్పడం, జవాబు రాగానే "ఏ అమరిక ప్రకారం?" అని మరొక ప్రశ్న వేయడం. ఈ మూడవ ప్రశ్నకు ఏజెంటు పట్టిక పేరు, వడపోతలు, తేదీలు, కొలత వరుసగా చెప్పగలిగితే ఆ అంకెను నివేదికలో వ్రాయవచ్చును. చెప్పలేకపోతే, ఎంత అందమైన చార్టు అయినా, దానిని పక్కన పెట్టి మూలపు పట్టికను తెరిచి చూడడమే మంచిది.